ఉద్దానం తీరంలో కొత్త సిబ్బందికి తలకిందుల సలహాలు

సముద్ర జీవుల రక్షణకు సిబ్బందిని తయారుచేసే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. రెండు మూడు రోజుల శిక్షణ, తెర మీద బొమ్మలు, ఒక పూట బీచ్‌కి ప్రయాణం, చివర్లో సర్టిఫికెట్. నేను కింద రాస్తున్న సలహాలు ఆ పద్ధతికి అడుగడుగునా ఎదురు. పాఠ్యప్రణాళిక రాసినవాళ్ళు చూస్తే తప్పని కొట్టేస్తారు. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను. ఉద్దానం ఉన్న శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. దాని మీద రాత్రిపూట నడిచే బీట్ ఆఫీసర్లు, వాచర్లు చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందికి తప్పుగా నేర్పితే దిద్దడానికి ఇంకొకరు రారు.

మొదటి పాఠం సముద్రం కనబడని చోట చెప్పండి

శిక్షణ అనగానే అందరూ బారువకో, కళింగపట్నానికో, భావనపాడుకో బస్సు మాట్లాడతారు. వద్దు. హరిశ్చంద్రపురంలో దింపండి. తిలారు దాటాక, కోటబొమ్మాళికి ముందు వచ్చే చిన్న రైల్వే స్టేషన్ అది. చుట్టూ వరి, ఊరి చెరువులు. అల చప్పుడు వినబడదు. సముద్రం గురించి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని రెండు రోజులు అక్కడే ఉంచండి.

మొదటి రోజు కాలువ గట్టు పట్టి నడిపించండి. గొట్టా బ్యారేజీ నుంచి వంశధార ఎడమ కాలువ తెచ్చిన నీళ్ళు ఈ ప్రాంతపు పొలాల్లో పారతాయి. మిగిలిన నీరు గెడ్డల్లో పడి, పల్లానికి దిగి, ఉప్పుటేర్లలోకి, తంపర అనే చిత్తడి భూముల్లోకి పోతుంది. పొలంలో కొట్టిన మందుదీ, సంతలో పారేసిన కవరుదీ అదే దారి. టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద గూళ్ళు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మేతకి దిగేది ఆ పల్లపు నీళ్ళలోకే. 2021 చివర్లో, 2022 మొదట్లో అక్కడ గూడబాతులు వరసగా చచ్చిపోయాయి. పరీక్ష చేస్తే వాటి పొట్టల్లో పరాన్నజీవి పురుగులు బయటపడ్డాయి. చెట్టు కింద ఎంత గట్టిగా కాపలా కాసినా అలాంటి చావు ఆగదు. పక్షి తినే చేప ఏ నీటిలో పెరిగిందో చూడాలి. ఆ నీరు ఎక్కడ మొదలవుతుందో మొదటి రోజే కాళ్ళతో నడిచి తెలుసుకున్నవాడికి తర్వాత ఏ మ్యాపు చూపించినా అర్థమవుతుంది.

ఇంకో మాట. తేలినీలాపురం పక్షుల్ని సైబీరియా నుంచి వచ్చాయని చెప్పే అలవాటు మన పత్రికల్లోనూ సభల్లోనూ బలంగా పాతుకుపోయింది. సిబ్బంది నోట ఆ మాట రానివ్వకండి. గూడబాతూ ఎర్రకాళ్ళ కొంగా ఈ దేశపు పక్షులే. దూరదేశపు అతిథులని చెబితే ఆర్నెల్లు మర్యాద చేసి పంపేయవచ్చని జనం అనుకుంటారు. మన చెరువుల మీదే బతికే పక్షులని చెబితే చెరువు సంగతి అడుగుతారు.

రెండో రోజు చేపలమ్మే ఆడవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. నోటుపుస్తకం సంచిలోనే ఉండాలి. కవళ్ళు, కానాగంతలు, గొరకలు, వంజరం, చందువ, టేకు, సొరపిల్ల, ఏది ఏదో చేత్తో పట్టుకుని గుర్తుపట్టే దాకా లేవనివ్వకండి. "అప్పా, ఇది ఏ రేవు సరుకు? నీ చిన్నప్పుడు బుట్టలో ఉండి ఇప్పుడు రానిదేది?" అని అడగమనండి. జీవవైవిధ్యం మీద ఈ ప్రశ్నకి వచ్చే జవాబు కంటే సూటైన పాఠం నాకు తెలీదు. గుర్తుపట్టడం వచ్చాక చట్టం చెప్పండి. తిమింగల సొరని 2001లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారని, రంపపు సొర, సముద్రపు గుర్రం కూడా రక్షిత జీవులేనని అప్పుడు చెబితే ఆ పేరుకి ఎదురుగా ఒక జీవి వాళ్ళ కళ్ళలో ఆడుతుంది.

మగవాళ్ళతో మీటింగ్ పెట్టకండి

తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. అవగాహన సదస్సులన్నీ సహజంగానే ఆ నెలల్లోనే పెడతారు. సదస్సుకి ఊళ్ళో ఎవరున్నారో చూసుకోరు. ఈ జిల్లా మత్స్యకారుల్లో ఎంతోమంది బతుకు తెరువుకి గుజరాత్‌లోని వెరావల్‌కి, ఇంకా చెన్నై, మంగుళూరు, పారదీప్ రేవులకి వెళ్ళిపోతారు. వెరావల్ వెళ్ళినవాళ్ళు ఆగస్టులో బయల్దేరితే వేసవి చివరకి గానీ ఇల్లు చేరరు. 2018 నవంబరులో పాకిస్తాన్ కోస్టు సిబ్బంది పట్టుకుపోయి, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలిపెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఈ జిల్లా తీరపు మనుషులే. ఆ పద్నాలుగు నెలలూ ఊరి పనులు నడిపింది ఆడవాళ్ళు.

అంచేత ఫిబ్రవరిలో "గ్రామ పెద్దలతో సమావేశం" అంటే ముసలివాళ్ళతో, పనిలేని ఇద్దరు ముగ్గురితో సమావేశమే. ఆ నెలల్లో తెల్లవారకముందు ఒడ్డు మీద ఉండేది ఆడవాళ్ళు. చేప దించుకోవడానికీ, పుల్లలు ఏరుకోవడానికీ వాళ్ళు వస్తారు. రాత్రి తాబేలు ఎక్కిన అడుగు, కుక్క తవ్విన గుంట మొదట చూసేది వాళ్ళే. కొత్త సిబ్బంది ఫోన్ నంబరు ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళ దగ్గర ఉండాలి. పురుషోద్యోగి వాళ్ళతో ఎలా మాట్లాడాలో, ఎక్కడ నిలబడి మాట్లాడాలో కూడా శిక్షణలో చెప్పాలి. పిన్నీ, అత్తా, అప్పా అని వరస కలిపి పిలవడం రాని కుర్రవాడికి జీపీఎస్ ఎంత బాగా వచ్చినా ఈ తీరంలో పని జరగదు.

నెల రోజులు తాబేలు పేరెత్తకండి

అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం వచ్చే సలహా ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

కొత్త ఉద్యోగి రేవుకొచ్చి తాబేలు బొమ్మ చూపించగానే ఎదుటివాడికి జైలు గుర్తొస్తుంది. ఇక్కడికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి. చంపితే మూడేళ్ళకి తక్కువ కాకుండా శిక్ష. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు. శ్రీకూర్మం ఉన్న జిల్లా ఇది, తాబేలంటే కూర్మావతారమనే భక్తీ ఉంది. కానీ భక్తి వలకి తెలియదు. రాత్రి వేసిన వలలో తెల్లారేసరికి చచ్చిన తాబేలు కనబడితే, మనిషి దాన్ని ఒడ్డుకి తెస్తాడా, నడిసముద్రంలోనే వదిలేసి వస్తాడా? కేసు భయం ఉన్నంతకాలం వదిలేసే వస్తాడు. మన లెక్కలోకి అది రాదు.

దానికి బదులు వల గురించి అడగండి. ఏ వల, కన్ను ఎంత, ఎంత లోతులో వేస్తారు, ఎన్ని గంటలు ఉంచుతారు, ఎప్పుడు చిరిగింది, ఎవరి వల్ల చిరిగింది. "తాబేళ్ళ నెక్క రాసుకుంతన్నారు, మా వల నెక్క ఎవులు రాస్తారు బాబూ" అనే మాట ఈ రేవుల్లో ఎక్కడైనా వినబడుతుంది. ఆ లెక్క రాయడమే కొత్తవాడి మొదటి నెల పని.

ఎందుకో చూడండి. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దాని కింద ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా నీళ్ళు తెప్పలకీ, నావలకీ, చిన్న ఫైబర్ బోట్లకీ వదలాలి. ట్రాలు లాగే మరపడవ ఆ లోపలికి రాకూడదు. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు గుమిగూడేది కూడా ఆ ఒడ్డు దగ్గరి నీళ్ళలోనే. మరపడవ లోపలికొస్తే రెండు నష్టాలు ఒక్కసారే జరుగుతాయి. ఫైబర్ బోటు మనిషి వేసిన వల తెగిపోతుంది. గంటల తరబడి లాగే ట్రాలు వలలో పడ్డ తాబేలు ఊపిరి తీసుకోవడానికి పైకి రాలేక మునిగి చస్తుంది. వల తెగిన తేదీలు, చోట్లు రాసుకుంటూ పోతే తాబేళ్ళు ఎక్కడ చస్తున్నాయో మ్యాపు దానంతటదే తయారవుతుంది. ఒడ్డున నిలబడ్డ బీట్ ఆఫీసరుకి ఆ నీళ్ళలో జరిగే సంగతి కనబడదు. వల పోగొట్టుకున్నవాడికి బోటు రంగుతో సహా గుర్తుంటుంది. ఆ మనిషి మీకు సాక్షి అవుతాడు, నెల తర్వాత మిత్రుడవుతాడు. అప్పుడు తాబేలు మాట అతనే ఎత్తుతాడు.

ట్రాలు బోట్ల వాళ్ళతోనూ ఇదే పద్ధతి. వల గొంతులో ఏటవాలు చట్రం అమర్చి, తాబేలు తప్పుకునే కంత పెట్టే పరికరం ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి సరిపోయేలా ఒకటి తయారుచేసింది. అది పెట్టుకోనందుకే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది. ఈ సంగతులన్నీ సిబ్బందికి నేర్పుతున్నాం. బోటు యజమాని ఎందుకు ఒప్పుకోడో మాత్రం నేర్పడం లేదు. ఆ కంత లోంచి కొంత సరుకు కూడా పోతుంది. పోయే సరుకు విలువ డీజిల్ ఖర్చుతో, ఐసు ఖర్చుతో, కళాసీల వాటాతో కలిపి లెక్క కట్టడం వచ్చినవాడే ఆ యజమానితో మాట్లాడగలడు.

కేసు కాగితాలు ఆఫీసులో పెట్టి వెళ్ళండి

ఎనిమిది కిలోమీటర్ల లోపల ట్రాలు లాగినవాడి మీద, గుడ్లు అమ్మినవాడి మీద కేసు రాయాల్సిందే. నేను చెప్పేది మరొకరి సంగతి. పొరపాటున వలలో పడ్డ జీవిని తానే చూపించినవాడి ముందు కాగితం తీయకండి. ఆ ఒక్క గంటలో జీవి బతికే అవకాశం ఉంది.

వలలోంచి తీసిన తాబేలు కదలకపోతే చచ్చిందని రాసేయడం మామూలు. అది చాలాసార్లు స్పృహ తప్పి ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో ఉండేలా కింద ఏదైనా పెట్టాలి. ఊపిరితిత్తుల్లోని నీరు మెల్లగా కారిపోతుంది. నీడలో, తడి గోనె కప్పి ఉంచాలి. ముక్కు మూయకూడదు, వెల్లకిలా తిప్పకూడదు, కాళ్ళు పట్టి ఊపకూడదు. కొన్ని గంటలకి లేస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు పడుతుంది. ఈ పని బోటు మీద ఉన్నవాడు చేయాలి. అతను చేయాలంటే మనకి భయపడకూడదు.

గుజరాత్‌లో 2004 నుంచి తిమింగల సొరల కోసం జరిగింది ఇదే. ప్రవచనకర్త మొరారి బాపు ఆ చేపని ఇంటికొచ్చిన ఆడపడుచుతో పోల్చి చెప్పారు. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్, టాటా కెమికల్స్, గుజరాత్ అటవీ శాఖ కలిసి పనిచేశాయి. వల కోసి సొరని వదిలిన మత్స్యకారుడికి వల నష్టం చెల్లించారు. అంతకుముందు దాన్ని వేటాడిన తీరమే వందల సొరల్ని వదిలింది. మహారాష్ట్ర కూడా 2018 చివర్లో అలాంటి పరిహారం మొదలుపెట్టింది, గరిష్ఠంగా 25,000 రూపాయలు. మన శిక్షణల్లో ఈ ఉదాహరణ తెర మీద వేస్తారు. కానీ ఆ గుజరాత్ పనిలో వెరావల్ ముఖ్యమైన రేవు, ఆ రేవు బోట్లలో కళాసీలుగా, బోటు నడిపే తండేళ్ళుగా ఉన్నవాళ్ళలో శ్రీకాకుళం మనుషులు ఎందరో. వల కోసి సొరని వదలడం కళ్ళారా చూసినవాడు ఈ ఊళ్ళలోనే ఉండి ఉంటాడు. అతన్ని వెతికి పట్టుకోవడం మానేసి ఢిల్లీ నుంచి వక్తని పిలుస్తున్నాం. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికొచ్చిన తిమింగల సొరని మత్స్యకారులూ అటవీ సిబ్బందీ కలిసి మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపారు. మన తీరంలోనూ అది సాధ్యమని అప్పుడే తేలిపోయింది.

గుడ్లు కనబడగానే ఏరకండి

గుడ్లు పొదిగించే హేచరీలో ఎన్ని గుడ్లు చేరాయన్నది మన ప్రగతి లెక్క. ఆ లెక్క మానేయమంటున్నాను. ఆడ తాబేలు ఒకటిన్నర అడుగు లోతున, అడుగు వెడల్పుగా మెడ సన్నగా గుంట తవ్వి, సుమారు వంద నుంచి నూట ఇరవై గుడ్లు పెట్టి, పైన ఇసుక చదును చేసి వెళ్ళిపోతుంది. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి. ఆ చోటు పోటు నీటికి అందనిదైతే, చుట్టుపక్కల దీపాలు లేకపోతే, దాన్ని అక్కడే ఉంచి పైన వెదురు తడికో ఇనుప వలో పరిచి కాపాడటం మేలు. అలల గీత కింద పెట్టినవి, ఊరకుక్కలు తప్పకుండా తవ్వేసే చోట పెట్టినవి మాత్రమే హేచరీకి తేవాలి.

తేవాల్సి వస్తే పెట్టిన కొద్ది గంటల్లోనే తేవాలి. ఆ తర్వాత పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది. గుడ్డు దొర్లితే చస్తుంది. పైకి చూడటానికి గుడ్డు బాగానే ఉంటుంది కాబట్టి చంపినట్టు కూడా తెలియదు. తెల్లారి తొమ్మిదింటికి బకెట్ పట్టుకుని హడావిడిగా ఏరుతున్న వాచరుని చూసి మెచ్చుకునే అధికారి ఈ ఒక్క సంగతి నేర్చుకోవాలి. పాత గూడైతే పైవైపు పైనే ఉండేలా ఒక్కొక్క గుడ్డునీ ఎత్తడం తెలియాలి, లేదంటే తాకకూడదు.

హేచరీ నీడ గురించీ ఇలాగే. తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి నిర్ణయిస్తుంది. వేడెక్కితే ఆడవి ఎక్కువ, చల్లబడితే మగవి ఎక్కువ. ఎండలో తడికలు లేకుండా పెట్టినా, దట్టంగా కప్పేసినా ఆ ఏటి పిల్లలన్నీ ఒకే లింగానికి ఒరిగిపోవచ్చు. వాచరుకి థర్మామీటర్ ఇచ్చి రోజుకి రెండు పూటలా రాయించండి. సర్టిఫికెట్ కంటే అది చవక.

పిల్లలు వదిలే ఉత్సవం పెట్టకండి. పిల్లలు ఎక్కువగా రాత్రో తెల్లవారుజామునో ఇసుక లోంచి పైకొస్తాయి. పొట్టలో మిగిలిన పచ్చసొన బలంతో మొదటి రోజు ఆగకుండా ఈదుతాయి. ముఖ్య అతిథి కోసం వాటిని తొట్టిలో ఉంచిన ప్రతి గంటా ఆ బలం కరిగిపోతుంది. ఎండలో వదిలితే కాకులకీ, గద్దలకీ దొరుకుతాయి. వచ్చిన వెంటనే, చీకట్లో, హేచరీ ముందు ఇసుక మీద వదిలేయాలి. వాటంతట అవి నడవాలి. నాయకులకి చూడాలని ఉంటే వాళ్ళే తెల్లవారుజామున మూడింటికి రావాలి.

టార్చిలైటు కూడా ఇవ్వకండి. పావుగంట చీకట్లో నడిస్తే కళ్ళు అలవాటు పడతాయి, తడి ఇసుక మీద తాబేలు ఈడ్చుకుపోయిన గాడి నల్లగా కనబడుతుంది. తెల్లటి వెలుగు పడితే గట్టెక్కబోయే తాబేలు వెనక్కి తిరుగుతుంది. తప్పనిసరైతే ఎర్ర కాగితం చుట్టిన దీపం చాలు. ఊరి చివర హైమాస్ట్ దీపం, రొయ్యల హేచరీ గేటు దీపం ఎవరి ఆధీనంలో ఉన్నాయో కనుక్కుని, జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు తెర కట్టించగలిగితే అది వంద గూళ్ళు కాపాడినంత పని.

ఖాళీ ఇసుక కనబడితే మొక్క నాటకండి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చేసిన తర్వాత ఇక్కడ చెట్టు నాటడం పుణ్యకార్యం అయింది. ఊరికి, తోటకి గాలి కాపు కావాలి, కాదనను. కానీ సరుగుడు మొక్కల్ని అలల గీత దాకా నాటితే వేళ్ళు ఇసుకని పట్టేస్తాయి, నీడ చల్లబరుస్తుంది, తాబేలుకి తవ్వే చోటు ఉండదు. ఇసుక దిబ్బ తనంతట తానే ఒక గోడ. దాని మీద పాకే ఊదాపూల తీగనీ, మొగలి పొదనీ ఉండనివ్వాలి. అటవీ సిబ్బందికి నాటడం వృత్తిధర్మంలా నేర్పుతాం కాబట్టి నాటకుండా ఉండటం ప్రత్యేకంగా నేర్పాలి. సముద్రం వైపు వెడల్పాటి పట్టీ ఖాళీగా వదిలి, వెనక నాటండి.

నాటడం బదులు కొలవమనండి. ఊరికొక కొబ్బరిచెట్టు గుర్తు పెట్టుకుని, దాని మొదలు నుంచి పోటు గీత దాకా నెలకోసారి తాడుతో కొలిచి తేదీ వేయాలి. దానికి కారణం ఉంది. 2023 ఏప్రిల్‌లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవుకి శంకుస్థాపన జరిగింది. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి రాతి గోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుని, ఉత్తరాన కోత పడటం పుదుచ్చేరిలోనూ మరెన్నో రేవుల్లోనూ చూశాం. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో మొదటి వర్గపు రక్షణలోకి వస్తాయి. ఆ రక్షణ అడగాలన్నా, కోత పడిందని చెప్పాలన్నా మన చేతిలో ఏళ్ళ తరబడి కొలతలు ఉండాలి. తాడు కొలత రాసిన వాచరు నోటుపుస్తకం రేపు కోర్టులో పనికొస్తుంది.

కళేబరాన్ని వెంటనే పూడ్చకండి

పత్రికల వాళ్ళు రాకముందే పూడ్చమనే ఆదేశం అప్పుడప్పుడు వస్తుంది. ముందు పొడవు, వెడల్పు కొలిచి, మెడ దగ్గర తాడు గుర్తు ఉందా, రెక్క తెగిందా చూసి, ఫొటో తీసి, పెంకు మీద రంగు గీత వేయాలి. ఆ గీత లేకపోతే రేపు అలలు పక్క బీటుకి తోసినప్పుడు రెండోసారి లెక్కలో పడుతుంది. 2023 జూలైలో ఈ జిల్లాలోని మేఘవరం తీరానికి పెద్ద తిమింగలం కళేబరం కొట్టుకొచ్చినప్పుడు జనం గుమిగూడి ఫొటోలు దిగారు. అలాంటప్పుడు సిబ్బంది మొదటి పని తాడు కట్టి జనాన్ని దూరం పెట్టడం, తర్వాత గొంతు కింది ముడతలు, వీపు రెక్క కనబడేలా పక్కన కొలతకర్ర పెట్టి ఫొటోలు తీయడం. పేరు తర్వాత ఎవరైనా తేలుస్తారు. కుళ్ళిపోయాక మాత్రం ఎవరూ తేల్చలేరు.

కాల్పుల చరిత్ర దాచకండి

కొత్త ఉద్యోగులకి వివాదాల ఊసు వద్దని పెద్దలు చెబుతారు. ఈ తీరంలో పనిచేసేవాడికి ఆ చరిత్ర తెలియకపోతే ఊరి వాళ్ళు తనని ఎందుకు నమ్మరో ఎప్పటికీ అర్థం కాదు. సోంపేటలో బీల అనే తడినేల మీద థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోతే రైతులు, మత్స్యకారులు ఎదురు నిలిచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ కొట్టేసింది కూడా ఆ రోజే. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరలో మరో విద్యుత్ కేంద్రం విషయంలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు.

బీలనీ తంపరనీ కాగితాల్లో పనికిరాని నేలలని రాసినప్పుడు, అవి చేపల, పక్షుల, పశువుల, వరి చేల నేలలని చెప్పింది ఆ ఊళ్ళ వాళ్ళు. తడినేల సంరక్షణ గురించి వాళ్ళకి పాఠం చెప్పడానికి వెళ్ళే ఉద్యోగి ముందు ఆ ఊళ్ళలో ఎవరు పోయారో తెలుసుకుని వెళ్ళాలి. శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించండి. చెప్పేవాడు ఉద్యమంలో ఉన్నవాడైతే ఇంకా మంచిది.

ఆఫీసరుకొక్కడికే శిక్షణ ఇవ్వకండి, మార్చిలో అసలే ఇవ్వకండి

బీట్ ఆఫీసరు మూడేళ్ళకో, అంతకంటే ముందో బదిలీ అయిపోతాడు. సీజన్ వరకు కూలి మీద పెట్టుకునే వాచరు ఆ ఊళ్ళోనే ఉంటాడు. సర్టిఫికెట్లన్నీ వెళ్ళిపోయే వాళ్ళకి ఇస్తున్నాం. చెన్నైకి చెందిన ట్రీ ఫౌండేషన్ మత్స్యకార యువకులనే తాబేళ్ళ రక్షక దళంగా తయారుచేసి అటవీ శాఖతో కలిసి పనిచేయిస్తోంది. దారి అదే. శాఖ చేయాల్సింది ఆ కుర్రవాళ్ళ కూలి నెలనెలా అందేలా చూడటం. కూలి మూడు నెలలు ఆగిన వాచరుకి ఎంత మంచి శిక్షణ ఇచ్చినా రాత్రి ఒంటిగంటకి లేవడు, లేవమని అడిగే హక్కూ మనకి లేదు.

అటవీ సిబ్బందికి విడిగా తరగతి పెట్టడమూ మానండి. తాబేలు ఒక శాఖది, చేప మరో శాఖది, ఇసుక రెవెన్యూది, దీపం పంచాయతీది, బోటు ఆపే అధికారం ఇంకొకరిది. కాకినాడ దగ్గర గోదావరి ముఖద్వారంలో 2011లో మొదలైన ఈగ్రీ ప్రాజెక్టు ఈ శాఖలన్నిటినీ, పరిశ్రమల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే ప్రయత్నం చేసింది. ఉద్దానానికి కనీసం కింది స్థాయిలో అలాంటి బల్ల ఒకటి కావాలి. బీట్ ఆఫీసరు, గ్రామ మత్స్య సహాయకుడు, మెరైన్ కానిస్టేబుల్, లైన్‌మన్ ఒకే తరగతిలో కూర్చోవాలి.

ఇక ఎప్పుడు పెట్టాలన్నది. బడ్జెట్ మురిగిపోకుండా ఖర్చు చేయాలని శిక్షణలన్నీ మార్చిలో పడతాయి. అప్పుడు వాచర్లు రాత్రంతా గూళ్ళ దగ్గర ఉంటారు, మగవాళ్ళు వెరావల్‌లో ఉంటారు. జూన్‌లో పెట్టండి. అప్పటికి తాబేలు ఒక్కటీ ఉండదు, హేచరీ ఖాళీ, చూపించడానికి ఏమీ ఉండదు. కానీ తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై ఆఖరి దాకా. రెండూ కలిసేది జూన్ మొదటి పద్నాలుగు రోజులే. ఇక్కడి బోట్లు ఒడ్డునే ఉంటాయి, గుజరాత్ వెళ్ళినవాళ్ళూ ఇంటికొస్తారు. ఏడాది మొత్తంలో ఊరి మగవాళ్ళు ఆడవాళ్ళతో సహా ఊళ్ళో ఉండేది ఆ రెండు వారాలు. హరిశ్చంద్రపురం స్కూలుకి అప్పటికింకా వేసవి సెలవులు కాబట్టి గది కూడా దొరుకుతుంది. వెరావల్ తండేలుని బల్ల దగ్గర నిలబెట్టి వల ఎక్కడ కోయాలో చూపించమనండి. రేంజ్ ఆఫీసరుని ముందు వరసలో కూర్చోబెట్టండి. రోజు భత్యం ఇద్దరికీ ఒకటే ఇవ్వండి, ఆ సాయంత్రమే చేతికివ్వండి.